రెండు బాణాల ముద్ర

దర్రా బజారులో తుపాకీ పేలితే ఎవరూ తల తిప్పరు. కొండవైపు గురిపెట్టి ఒకటి కాల్చి చూసుకోనిదే ఎవడూ బేరం మాట ఎత్తడు, అందుకని తెల్లవారిన దగ్గర్నుంచి పొద్దుగూకే నమాజు దాకా ఏదో ఒకటి పేలుతూనే ఉంటుంది. ఆ బుధవారం మాత్రం జనం పనులాపి చూశారు. ఊరి పంచాయతీ, జిర్గా పెద్దలు నలుగురు రోడ్డు నడిమధ్యలోంచి నడిచి వస్తున్నారు. అందరికంటే ముందు తెగపెద్ద మలిక్ జానస్. ఆయన రెండు చేతుల మీదా దుప్పట్లో చుట్టిన తుపాకీ ఉంది. చంటిబిడ్డను మోసినట్టు మోస్తున్నాడు ముసలాయన. వాళ్ళకి కాస్త ఎడంగా, ఎవరితోనూ సంబంధం లేనట్టు మొహం పెట్టుకుని రోఖాన్ వస్తున్నాడు.

తుపాకుల పనివాడు నజర్‌మీర్, బల్ల మీది వైసు దవడల్లో బిగించిన గొట్టాన్ని ఆకురాయితో రుద్దుతున్నవాడల్లా చెయ్యి ఆపేశాడు. రోఖాన్ అతని సొంత చెల్లెలి కొడుకు. ఈ గొడవ తన గుమ్మం దాకా రాకపోతే బాగుండునని నిన్నటినుంచీ అల్లాను వేడుకుంటూనే ఉన్నాడు. వచ్చేసింది.

సంగతి బజారంతా ఎరిగిందే. కిందటేడు కాలవ నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి, తోర్‌బాజ్ అనేవాడు రోఖాన్ అన్న సమందర్‌ను కాల్చి చంపాడు. ఇది ఇక ఆగదని అందరూ అనుకుంటుండగా జిర్గా కూర్చుని రెండు ఇళ్ళ చేతులూ కట్టేసింది. రెండిళ్ళ వాళ్ళూ ఇంట్లో ఉన్న అన్నిటికంటే గొప్ప తుపాకీ తెచ్చి జానస్ ఇంట్లో కుదువ ఉంచాలి. రాజీ కుదిరేదాకా ఎవరూ తూటా కాల్చకూడదు. రాజీ కుదిరింది. మొన్న తుపాకులు ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేశారు. శుక్రవారం నమాజు అయ్యాక రెండిళ్ళ మగవాళ్ళూ ఒకే పళ్ళెంలో తింటే పగ చచ్చిపోయినట్టే. ఇంతలో రోఖాన్ నిన్న బజారులోకొచ్చి పిడుగులాంటి మాట అన్నాడు, మలిక్ జానస్ మా తుపాకీ మార్చేశాడని, చెక్క విప్పి చూస్తే తేలుతుందని. ఇచ్చినదాన్ని ఆయనకే తిప్పి ఇచ్చేశాడు.

జానస్ దుకాణంలోకి వచ్చి దుప్పటి విప్పి తుపాకీని బల్ల మీద పెట్టాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నజర్‌మీర్, నీ మేనల్లుడు నన్ను దొంగన్నాడు. డెబ్బై ఏళ్ళు వచ్చాయి నాకు, మా అమ్మ కూడా అనలేదు ఆ మాట. నువ్వు చూడు. చూసి, శుక్రవారం అందరి ముందూ ఉన్నది ఉన్నట్టు చెప్పు."

తనొద్దని, మేనమామ మాట ఎవరు నమ్ముతారని నజర్‌మీర్ అన్నాడు. పక్కనున్న పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఆరోపణ చేసినవాడి మేనమామ నోటే తేలితే ఇక ఎవరికీ నోరుండదని, తోర్‌బాజ్ వాళ్ళు కూడా అతన్నే ఒప్పుకున్నారని చెప్పాడు. అదీ నిజమే. తీరా అనే కొండసీమ నుంచి పెషావర్ దాకా ఎవరి చేతికి పాత ఇంగ్లీషువాళ్ళ తుపాకీ వచ్చినా నజర్‌మీర్ దగ్గరికే తెస్తారు. అతనికి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. కాని ఇనుము మీద ఏ కిరీటం ఏ ఊరి కార్ఖానాది, ఏ గీత అసలు, ఏది తన పొరుగువాడు చెక్కిన నకలు, చేతి వేలితో తడిమి చెప్పగలడు. నజర్‌మీర్ చూశాడంటే ఆ మాట మీద మళ్ళీ మాటుండదు. అతను బతుకంతా కూడబెట్టుకున్నది ఆ ఒక్క పేరే.

పెద్దలు అందరి ముందూ తుపాకీ చెక్క విప్పి చూపించమన్నారు. మరలు తీసి, గొట్టం కింది చెక్కను మెల్లగా ఊడదీశాడు. గొట్టం లావుగా ఉండే వెనకభాగాన, చెక్కలో దాగి ఎవరి కంటా పడని చోట, రెండు బాణాలు ముక్కుకు ముక్కు ఆనించి చెక్కి ఉన్నాయి.

ఒక బాణమైతే సర్కారువారి ఆస్తి అని అర్థం. సైన్యం తనకు అక్కర్లేని తుపాకీని వదిలించుకునేటప్పుడు దాని ముక్కుకు ఎదురుగా ఇంకో బాణం కొడుతుంది, ఇక ఇది మాది కాదు, ఎవరైనా కొనుక్కోవచ్చు అని. దర్రాలో మీసం రాని కుర్రాడికి కూడా ఈ సంగతి తెలుసు.

"అదీ!" అన్నాడు రోఖాన్ గుమ్మంలోంచి. "పెషావర్ మీదికి మనవాళ్ళు దిగిన ఏడు, మా తాత ఇంగ్లీషు సోల్జర్ని పడగొట్టి వాడి చేతుల్లోంచి లాక్కొచ్చిన తుపాకీ మాది. వేలంలో కొన్న పాత ఇనుము కాదు. ఇది మాది కాదు."

జానస్ ఆ బాణాల వంక, తన చేతుల వంక మార్చి మార్చి చూసుకున్నాడు. కుదువ సొమ్ము మార్చినవాడి ఇంటికి ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, ఊరు కదిలి వెళ్ళి తగలబెడుతుంది. జిర్గా మాట పోతే రాజీ పోతుంది. రాజీ పోయిన రోజునే రోఖాన్ తోర్‌బాజ్ ఇంటి దారిలో కాపు కాస్తాడు. తోర్‌బాజ్‌కి అన్నదమ్ములు అయిదుగురు. రోఖాన్‌కి తండ్రి ఎప్పుడో పోయాడు, వెనక ఇంకో అన్నదమ్ముడు లేడు.

తుపాకీ దుకాణంలోనే ఉంచి పెద్దలు వెళ్ళిపోయారు. రెండు పక్షాల మనుషులు చెరొకడు బయట నులక మంచం మీద కాపలా కూర్చున్నారు. కాసేపు ఒకరికొకరు వీపులు తిప్పుకుని కూర్చుని, టీ రాగానే ఇటు తిరిగారు.

*

మధ్యాహ్నం నజర్‌మీర్ తుపాకీని వెలుతురులో పెట్టుకుని కూర్చున్నాడు. అది ఆ ఇంటి తుపాకీయేనని అతనికి బల్ల మీద పెట్టిన క్షణంలోనే తెలుసు. భుజాన వేసుకునే తోలుపట్టీ తగిలించే కడియం ఒకసారి సమందర్ వేటలో విరగ్గొట్టుకొస్తే తనే కొత్త రివెట్టు వేశాడు. ఆ రివెట్టు తల కొంచెం పక్కకి ఒరిగింది, అప్పుడే సమందర్ దాన్ని చూసి, మామా నీ చెయ్యి ముసలిదైపోయిందని వెక్కిరించాడు. ఒరిగిన రివెట్టు అలాగే ఉంది. వెక్కిరించినవాడే లేడు.

మరి ముద్ర? కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడిచి, భూతద్దం కన్నుకి ఆనించాడు. కిరీటం అసలుది. అంకెలు అసలువి. రెండు బాణాలూ అసలువే, ఇంగ్లీషువాడు కొట్టినవే, అంచులు మెత్తబడి ఇనుములో కలిసిపోయి ఉన్నాయి. రెండో బాణం మీద ఇంకేదో ఉంది. ఎవరో దాన్ని అరగదీయబోయారు. ఆకురాయి అడ్డదిడ్డంగా నడిచింది, పనివాడి చెయ్యి కాదు. సగం అరిగాక భయపడి ఆపేశారు. ఆ గీతల్లో చిలుము పట్టి, ముదిరి, నల్లగా గట్టిపడి ఉంది. అది ఒక ఏడాది చిలుము కాదు. కుదువ పెట్టడానికి ఎంతో ముందే ఆ ఇంట్లో ఎవరికో ఈ బాణాల సంగతి తెలుసు.

నజర్‌మీర్ భూతద్దం కింద పెట్టి, కాపలావాళ్ళని కేకేసి మేనల్లుణ్ణి పిలిపించాడు. రోఖాన్ వచ్చి చుట్టూ చూసి, తలుపు ఓరగా వేసి, ఇనప ముక్కల గుట్ట మీద కూర్చున్నాడు. పాతికేళ్ళవాడు. మొహం చూస్తే ఏడాదిగా నిద్రపోయినట్టు లేడు.

"దీన్ని రాకింది ఎవర్రా? మీ నాన్నా?"

రోఖాన్ అబద్ధం వెతుక్కోలేదు. మామ దగ్గర అది చెల్లదని తెలుసు.

"నేను చిన్నప్పుడు. గొడ్లపాకలో కూర్చుని రాకుతుంటే చూశాను. నన్ను చూసి తుపాకీ దుప్పటి కింద పెట్టేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ విప్పలేదు దాన్ని."

"అంటే ఇది మీదేనని నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి ఆ ముసలాయన్ని దొంగని చేశావు."

"ఏం చెయ్యమంటావు మామా?" వాడి గొంతు తగ్గింది, కాని మాటలు ఆగలేదు. "అమ్మ చేతులు పట్టుకుని ఏడిస్తే రాజీకి ఊ అన్నాను. అన్నప్పట్నించీ ఆ తోర్‌బాజ్ రోజూ మా ఇంటి ముందునుంచి పోతాడు. దగ్గి మరీ పోతాడు. శుక్రవారం వాడి చేత్తో తుంచిన రొట్టె నేను తినాలి. నా వల్ల కాదు. నేనే మాట తప్పితే ఊరు నన్ను వెలేస్తుంది. జిర్గానే మాట తప్పిందనుకో, నా చేతులు నాకొచ్చేస్తాయి. నువ్వు 'మారింది' అని ఒక్క మాట అను. సమందర్ నీ ఒళ్ళో పెరిగాడు కదా."

నజర్‌మీర్‌కి కోపం వచ్చింది, దాని వెనకే దుఃఖం వచ్చింది. ఏది ముందు మింగాలో తెలియలేదు. వాణ్ణి చెంప మీద కొట్టాలనిపించింది. చివరికి, వాళ్ళు ఆరుగురు, నువ్వు ఎంతమందిని కొడతావు, అని మాత్రం అడిగాడు.

"ఒకణ్ణి కొడితే చాలు. ఆ తర్వాత వాళ్ళిష్టం."

వాడు వెళ్ళిపోయాక నజర్‌మీర్ చాలాసేపు ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు, ఏమీ రాకలేదు. 'మారింది' అంటే జానస్ ఇల్లు కాలుతుంది, రోఖాన్ చస్తాడు. మారలేదు, ఆ ఇంటి తాత బజారులో కొన్నదే, అంటే అది నిజం. కాని నిజం చెబితే రోఖాన్ ఏమవుతాడు? తాత గొప్పంతా బూటకమని, తండ్రి దాన్ని దాచాడని, తను తెలిసి తెలిసి మలిక్ మీద నింద వేశాడని అందరి ముందూ బయటపడితే, ఆ మొహంతో వాడు ఊళ్ళో తిరగలేడు. అలాంటివాడు తుపాకీ పట్టుకుని ఒకే దిక్కుకి పోతాడు. అబద్ధం చెప్పినా, నిజం చెప్పినా శుక్రవారానికి చెల్లెలి ఇంట్లో శవమే కనిపిస్తోంది.

*

మర్నాడు పొద్దున్నే చెల్లెలు జర్మీనా ఇంటికి వచ్చింది. గోడవైపు తిరిగి కూర్చుని, తెచ్చిన మొక్కజొన్న రొట్టె మూట ముందు పెట్టింది. వదినతో పలకరింపులేవీ లేవు. తనకి మగవాళ్ళ లెక్కలు తెలియవని, తన పెద్దకొడుకుని తను కడగలేదని, కడగడానికి వాడి మొహం కూడా మిగల్లేదని అంది. గొంతు పొడిగా ఉంది, ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది.

"నీ నోటి మీద నా కొడుకు ప్రాణం వేలాడుతోంది, అన్నా. ఏం చెబుతావో నాకు తెలీదు. వాడు నాకు మిగలాలి."

లేవబోతూ ఇంకో మాట అంది. తను ఆ ఇంటికి కోడలుగా వెళ్ళిన రోజున మామగారు ఆ తుపాకీని తన చేతుల్లో పెట్టి, ఇది మగవాడి రక్తంతో తెచ్చింది, కొన్నది కాదు, అని చెప్పాడట. పేదిల్లయినా, తిండికి తడుముకున్న ఏళ్ళున్నా, ఆ ఒక్కటీ తలచుకుని తలెత్తుకు తిరిగిందట. దాని మీద ఎవరైనా ఉమ్మేస్తే చూడలేనంది.

నజర్‌మీర్ అప్పుడే నిర్ణయించుకున్నాడు. ఆమెకేమీ చెప్పలేదు. చెబితే ఆమె మొహంలో అందరికీ కనబడిపోతుంది.

దుకాణానికి వచ్చి, పాత ఆకురాయి ముక్క ఒకటి కొలిమిలో ఎర్రగా కాల్చి మెత్తబరిచాడు. దాన్ని వేలెడంత అచ్చుగా సాగదీసి, వైసులో నిలబెట్టి, కొసన రెండు బాణాలు చెక్కడం మొదలుపెట్టాడు, తిరగేసి, ముక్కుకి ముక్కు ఆనించి. భూతద్దంలోంచి గొట్టం మీది ముద్రను చూడటం, అచ్చు మీద వెంట్రుకవాసి గీయడం, సీసం ముక్క మీద కొట్టి చూసుకోవడం. ఎడమ బాణం రెక్క కాస్త పొట్టి. అదీ అలాగే చెక్కాడు. బయట కాపలావాళ్ళు గ్రీన్ టీలో బెల్లం నంజుకుంటూ క్రికెట్టు కబుర్లు చెప్పుకుంటున్నారు. తుపాకుల బజారులో రాకుడు చప్పుడు వినిపిస్తే ఎవరికి అనుమానం? పని బాగా కుదిరింది. బాగా కుదిరినందుకు అతనికి సిగ్గేసింది.

అచ్చుని మళ్ళీ కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచాడు. కొత్త మెరుపు పోవడానికి పొగబెట్టాడు. సుత్తితో దాని నెత్తిన మొత్తి మొత్తి, ఏళ్ళు వాడినట్టు అంచులు విచ్చుకునేలా చేశాడు. ఆఖరికి, శుక్రవారం దాకా ఉండనీమని, చిలుముపట్టిన మేకుల డబ్బాలో అడుక్కి తోసేశాడు.

*

శుక్రవారం నమాజు అయ్యాక మసీదు వెనక కొండ నీడలో జిర్గా గుండ్రంగా కూర్చుంది. ఒకవైపు తోర్‌బాజ్, అతని అన్నదమ్ములు. ఇంకోవైపు రోఖాన్ ఒక్కడే. మధ్యలో చాప మీద తుపాకీ. దూరంగా పెద్ద పళ్ళేల్లో మాంసం, రొట్టెలు గుడ్డ కప్పి ఉంచారు, తింటారో తినరో ఎవరికీ తెలియదు. తోర్‌బాజ్ కూడా ఆ రోజు దగ్గలేదు.

నజర్‌మీర్ లేచాడు.

తుపాకీ మారలేదన్నాడు. కడియం దగ్గర తను వేసిన రివెట్టు చూపించాడు. గుంపులో గుసగుసలు లేచాయి. జానస్ కళ్ళు మూసుకున్నాడు. రోఖాన్ చెయ్యి భుజం మీది శాలువా కిందికి పోయింది. మరి ఆ బాణాలేమిటని తోర్‌బాజ్ పెద్దన్న నవ్వు దాచుకుంటూ అడిగాడు. అంటే వీళ్ళ తాత గారు కొనుక్కొచ్చారనా, అని ఎవరో అందుకున్నారు. నవ్వు ఇటునుంచి అటు పాకబోయింది.

"ఆ ముద్ర కొట్టింది నేను," అన్నాడు నజర్‌మీర్.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

అతను తల ఎత్తకుండా చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట బావ ఈ తుపాకీని బాగుచేయమని తెచ్చాడు. అప్పుడే తను ఈ బాణాల అచ్చు ఒకటి కొత్తగా చెక్కాడు, నకలు తుపాకుల మీద కొట్టి అమ్ముకోవడానికి. ఇంగ్లీషు ఉక్కు మీద ఎలా పడుతుందో చూడాలని చెయ్యి దురద పుట్టింది. ఎవరూ చూడని చోట కొట్టాడు. కొట్టాక భయమేసి రాకి చెరిపేయబోయాడు, గొట్టం పలచబడుతుందని ఆపేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఇదంతా చెప్పి, జేబులోంచి అచ్చు తీసి చాప మీద పెట్టాడు. ఒక పెద్దాయన దాన్ని సీసం ముక్క మీద కొట్టి, గొట్టం పక్కన పెట్టి చూశాడు. ఎడమ రెక్క పొట్టిగా ఉంది, రెండింట్లోనూ.

నమ్మి చేతిలో పెట్టిన తుపాకీ మీద, అదీ సొంత బావది, రక్తం చిందించి తెచ్చిన దాని మీద, అమ్ముడుపోయిన సరుకు ముద్ర కొట్టాడు. దర్రాలో పనివాడు ఇంతకంటే నీచమైన పని చేయలేడు. అక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమంది తమ తుపాకులు అతనికి ఒప్పజెప్పినవాళ్ళే. వాళ్ళు అతని వంక చూడటం మానేశారు. ఒకడు పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

జానస్ మాత్రం చూశాడు. తలపండినవాడు, ఏదో పసిగట్టాడు. పెదవి కదిపి, మళ్ళీ బిగించేశాడు.

"రోఖాన్," అన్నాడు అచ్చు కొట్టి చూసిన పెద్దాయన. "మీ మామ మాట విన్నావుగా. తుపాకీ నీదేనని ఒప్పుకుంటావా? కాదంటావా? కాదనేటట్టయితే ఎలా కాదో చెప్పు."

రోఖాన్ మొహాన నెత్తురు చుక్క లేదు. మామ మాట అబద్ధమనాలంటే ఒకటే దారి, ఆ ముద్ర చిన్నప్పట్నించీ ఉంది, నాన్న రాకుతుంటే నేను చూశాను, అని చెప్పాలి, చెబితే తుపాకీ తమదేనని, తాత కొన్నదేనని తనే ఒప్పుకున్నట్టు. ఆ దారికి మామ అడ్డంగా కూర్చున్నాడు, తన పేరు పరుచుకుని. వాడి కళ్ళు ఒక్క క్షణం నజర్‌మీర్ కళ్ళతో కలిశాయి. అంత కోపం ఆ చూపులో నజర్‌మీర్ ఎప్పుడూ చూడలేదు. శాలువా కిందినుంచి చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

"మాదే," అన్నాడు.

పళ్ళేల మీది గుడ్డలు తీశారు. తోర్‌బాజ్ తుంచిన రొట్టె రోఖాన్ తిన్నాడు.

*

మర్నాటినుంచి బజారు తన పని తను చేసింది. కొండలనుంచి పాత తుపాకీతో వచ్చినవాళ్ళు నజర్‌మీర్ దుకాణం దాటి పక్క వీధికి పోయారు. ఒకడు అలవాటుకొద్దీ లోపలికి వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు, మరలు రెండు కావాలని అడిగి తీసుకుపోయాడు. మలిక్ జానస్ రోడ్డు మీద ఎదురుపడితే సలాం చెప్పకుండా అటు పక్కకి దాటిపోయాడు. ఆయన చేయాల్సింది అదేనని నజర్‌మీర్‌కి తెలుసు. ఆయన ఆగి నవ్వాడంటే జనం ఆలోచించడం మొదలుపెడతారు. తెలిసినా, ఆ రోజు అన్నం సయించలేదు.

జిర్గా అతనికి వేసిన శిక్ష చిన్నదే, అపరాధిగా పొట్టేలుని తోలుకుని ఆ ఇంటి గుమ్మానికి వెళ్ళాలి. వెళ్ళాడు. తాడు చేతిలో పట్టుకుని చెల్లెలి గుమ్మం ముందు నిలబడ్డాడు. జర్మీనా ముసుగు సరిచేసుకోకుండానే బయటికి వచ్చింది. నా పుట్టింటివాళ్ళే నా అత్తింటి పరువు మీద అచ్చు కొట్టి, రాకి, నోరు మూసుకుని, ఇన్నేళ్ళూ పండక్కొచ్చి నా చేతి వంట తిన్నారా, అని అడిగింది. నిన్ను అన్నా అన్న నోరు కడుక్కుంటానంది. నజర్‌మీర్ తలొంచుకుని విన్నాడు. నిజం ఒక్క మాట అంటే చాలు, ఆమే అతని కాళ్ళ మీద పడుతుంది. ఆ మాట నాలిక కొసదాకా వచ్చింది.

"అమ్మా, చాలు," అన్నాడు రోఖాన్ లోపల్నించి వచ్చి. తాడు తీసుకుని పొట్టేలుని గుంజకి కట్టేశాడు.

క్షమాపణకి వచ్చినవాణ్ణి తినిపించకుండా పంపకూడదు. అరుగు మీద చాప పరిచారు. జర్మీనా వడ్డించనంది, లోపలికి పోయి తలుపేసుకుంది. రోఖానే రొట్టెలు, పులుసు గిన్నె తెచ్చి పెట్టాడు. టీ పోశాడు. ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మకి నిజం చెప్పేస్తాను మామా."

"చెప్పకు."

"నిన్నలా తిడుతుంటే..."

"తిట్టనీరా. మొన్నటిదాకా ఏడ్చింది." నజర్‌మీర్ రొట్టె తుంచాడు. "తిను. చల్లారిపోతోంది."

నజర్‌మీర్ తింటూనే ఉన్నాడు. లోపల గిన్నెలు విసిరిన చప్పుడు వినిపిస్తోంది. రోఖాన్ మొదట కెలికాడు, తర్వాత పెద్ద ముద్దలు పెట్టుకున్నాడు, ఆకలి ఇప్పుడే గుర్తొచ్చినవాడిలా. ఇంకో రొట్టె కావాలని లోపలికి కేకేశాడు. కాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుని, రొట్టె పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికి వచ్చింది, కొడుక్కి మాత్రమే.